చిరంజీవి రఘుకు

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం. నీ దగ్గరి నుండి కబురు లేక చాలా రోజులైంది. పనుల ఒత్తిడేనని సరిపెట్టుకుంటున్నాము. నీవు మేడ మీద స్తంభం నిలబెట్టి, రేడియోకు తిరిగే యాంటెన్నా బిగిస్తున్నావనీ, అదీ ఒక్కడివే ఎక్కి చేస్తున్నావనీ చిన్నక్క మాటల్లో దొర్లింది. అమ్మకు ఇంకా చెప్పలేదు.

నీ సరదాను కాదనను. యాంటెన్నా బరువంతా దాన్ని తిప్పే మోటారు, అదే రొటేటర్, మీదే మోపకుండా పైన బరువు మోస్తూ తిరగనిచ్చే థ్రస్ట్ బేరింగ్ పెట్టు. అప్పుడు మోటారుకు తిప్పే పని ఒక్కటే మిగులుతుంది. బేరింగూ రొటేటరూ ఒకే నిలువులో లేకపోతే యాంటెన్నా బిగించిన పైపు తిరిగినప్పుడల్లా పట్టేస్తుంది. గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లవుతుంది కాబట్టి, గాలి లేని రోజున స్తంభం కదలలేదని మురిసిపోవద్దు. స్తంభం ఒరగకుండా లాగి పట్టే గై వైర్లు 120 డిగ్రీల ఎడంతో మూడు వైపులా, తిరిగే పైపుకు కాక కదలని స్తంభానికే కట్టాలి. నీకు తెలియదని కాదు. ఎక్కడానికి నడుము బెల్టు చాలదు, ఒళ్లంతా పట్టి ఉంచే హార్నెస్ కావాలి.

శేఖరం మామయ్య సంగతి నీకు పూర్తిగా తెలియదు. ఆయనా ఇలాంటి యాంటెన్నాయే పెట్టి, దాన్ని రేడియోకు కలిపే కోయాక్స్ కేబుల్‌ను తిరిగేచోట వదులుగా చుట్ట వదలకుండా, పై నుండి కింది దాకా స్తంభానికి బిగించి కట్టేశాడు. సగం చుట్టు బాగానే తిరిగింది. ఆపైన కేబుల్ బిగుసుకుని కనెక్టర్ ఊడింది. ఆయన మాత్రం తప్పు రేడియోదే అనుకుని, దాన్ని బల్ల మీద విప్పి, ఫ్యూజు మార్చి, రాత్రంతా దానితోనే కుస్తీ పట్టాడు. తెల్లవారి బాబ్జీ తలెత్తి చూస్తే కేబుల్ పైపుకు చుట్టుకుని ఉంది. ఆ ఉక్రోషంలో మామయ్య ఎవరినీ పిలవకుండా తడి స్తంభం ఎక్కాడు. చేతిలోని పానా జారి, బట్టలు ఆరేస్తున్న అత్తయ్యకు మూరెడు దూరంలో పడింది. కింద ఒక మనిషి ఉండి, ఎవరినీ దగ్గరకు రానీయకుండా చూడాలనేది అందుకే.

స్తంభం ఎటు ఒరిగినా కరెంటు తీగలను తాకనంత దూరం ఉందో లేదో కొలిచి వ్రాయి. స్తంభానికీ, కేబుల్‌లోని లోహపు అల్లికకూ ఎర్తింగ్ ఇచ్చావా? ఆదివారం బాబ్జీ వస్తానన్నాడు, అంతవరకు ఎక్కవద్దు. ఛాతీ, నడుము కొలతలు వ్రాస్తే హార్నెస్ నేనే పంపుతాను.

ఇట్లు,
నాన్న