2016 వార్షిక నివేదిక: ఆస్టిన్‌లో ఊబర్ లేని ఆగస్టు

అమెరికాలోని టెక్సస్‌లో, ఆస్టిన్‌లో ఉన్న మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు అందరూ చూశారు కనుక, కమిటీకి నిద్ర లేకుండా చేసిన సంగతికే వస్తాను.

క్యాబ్ డ్రైవర్ల పూర్వాపరాలను వేలిముద్రలతో సరిచూడాలని నగర కౌన్సిల్ 2015 డిసెంబరులో నిబంధన పెట్టింది. తమ సొంత తనిఖీ చాలునన్నాయి యాప్‌తో కార్లు పంపే కంపెనీలు ఊబర్, లిఫ్ట్. పట్టుబట్టి ఆ నిబంధనను మే 7న ఊరి ప్రజల ఓటింగు దాకా తెచ్చి, ప్రచారానికి 80 లక్షల డాలర్లకు పైగా కుమ్మరించాయి. బ్యాలట్‌లో ప్రశ్నేమో మెలిక: 'అనుకూలం' అంటే కంపెనీలకు అనుకూలం, వేలిముద్రలకు వ్యతిరేకం! ఓటు హక్కున్న మన సభ్యులే ఏ గడి నింపాలని ఫోన్లు చేశారు. ఏది నింపితే ఏమవుతుందో చెప్పాం, ఏది నింపాలో చెప్పలేదు. సుమారు 56 శాతం మంది కంపెనీల మాట కాదన్నారు. మే 9న రెండు కంపెనీలూ ఊళ్లో సేవలు ఆపేశాయి.

వీసా కోసం పది వేళ్లూ గాజు పలక మీద నొక్కి వచ్చినవాళ్లం కదా, కారు నడపడానికి వేలిముద్ర ఇస్తే తప్పేమిటని నేను వాదించాను. అరెస్టయి నిర్దోషిగా బయటపడ్డవాళ్లకూ పాత రికార్డు అడ్డొస్తుందని కమిటీలో ఇద్దరు అన్నారు. అదీ కొట్టిపారేయలేని మాటే.

అసలు ఇబ్బంది ఆగస్టులో వచ్చింది. హైదరాబాదులో వాడిన ఊబర్ యాప్‌తోనే ఇక్కడా కారు పిలుచుకోవచ్చన్న ధీమాతో విద్యార్థులు దిగారు. తెరిస్తే ఒక్క కారూ లేదు. జూన్‌లో మొదలైన రైడ్‌ఆస్టిన్ అనే లాభాపేక్ష లేని క్యాబ్ సంస్థ గురించి వాళ్లకేం తెలుస్తుంది? ఒక అర్ధరాత్రి మన కోశాధికారి వ్యానులో ముగ్గురు పిల్లలు, ఆరు పెట్టెలు. చివరి పెట్టె పట్టక, ఒక అబ్బాయి దాన్ని ఒళ్లో పెట్టుకుని, తల పక్కకు వంచి ఇంటిదాకా వచ్చాడు. లోపల రుబ్బురోలు ఉందేమోనని మాకు ఇప్పటికీ అనుమానమే.

ఆ నెలంతా కార్లు నడిపిన సభ్యులకు కృతజ్ఞతలు. పెట్రోలు రసీదులు ఇంకా చాలామంది ఇవ్వలేదు, మొహమాటం వద్దు. జనవరిలో మరో జట్టు దిగుతోంది. ఈసారి విమానం ఎక్కకముందే కొత్త యాప్‌ల పేర్లు వాళ్లకు పంపిస్తున్నాం. అయినా రాత్రి పది దాటాక దిగేవారికి కార్లు కావాలి. వీలున్నవారు కార్యదర్శికి పేరు ఇవ్వండి. వ్యాను ఉన్నవారు ముందు ఇవ్వండి.