గాంధీజీ దాచని తప్పులను మనమెందుకు దాచాలి? చిత్తూరు జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖాధికారి గారికి నమస్కారాలు.

గాంధీ జయంతి వక్తృత్వ పోటీకి మా అమ్మాయి రాసుకున్న ప్రసంగంలో కస్తూరిబా ప్రస్తావన ఉన్న పేరాను, మహాత్ముడికి మచ్చ వస్తుందన్న భయంతో, పాఠశాలవారు ఎర్రసిరాతో కొట్టివేశారు. ఆ సంగతి గిట్టనివారు పుట్టించినది కాదు. 1898లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో, తమ ఇంట ఉంటున్న, పంచమ (అంటరానివారిగా చూసిన) కుటుంబంలో పుట్టిన క్రైస్తవ గుమాస్తా మూత్రపాత్రను కస్తూరిబా కన్నీళ్లతో మోసుకెళుతుంటే, సంతోషంగా మోయాలని గాంధీజీ గద్దించారు. ఆమె ఎదురుచెప్పగానే చేయి పట్టి గేటు దాకా ఈడ్చుకెళ్లి బయటికి నెట్టబోయారు. సిగ్గు లేదా అని ఆమె ఏడుస్తూ నిలదీశాకే ఆగారు. ఇదంతా ఆయన తన ఆత్మకథలో స్వయంగా రాసి, 1925 నుంచి ‘నవజీవన్’ పత్రికలో ధారావాహికగా అచ్చువేయించారు. అప్పటికి కస్తూరిబా జీవించే ఉన్నారు. అంతటి నిజాయితీని దాచిపెట్టడం ఆయన్ను గౌరవించడం ఎలా అవుతుందో నాకు అర్థం కావడం లేదు.

చిన్ననాటి బంగారం దొంగతనమూ, 1919 సత్యాగ్రహంలో తొందరపడటం హిమాలయమంత పొరపాటన్న ఒప్పుకోలూ ఆ ఆత్మకథలోనివే.

కనుక, ఆయనే చెప్పుకున్న తప్పులను పిల్లలు వేదికపై నిర్భయంగా ప్రస్తావించవచ్చని వచ్చే అక్టోబరు 2 లోగా జిల్లాలోని పాఠశాలలన్నిటికీ సర్క్యులర్ పంపవలసిందిగా, కస్తూరిబా ఎదురుతిరిగిన ఆ ఘట్టాన్ని తరగతిలో చదివి వినిపించేలా చూడవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక విద్యార్థిని తండ్రి, చిత్తూరు