ఆ పది ఓట్లలో మనదీ ఒకటి

సంపాదకులకు నమస్కారం.

తిమోర్-లెస్తె (ఒకప్పటి తూర్పు తిమోర్) 2025 అక్టోబరు 26న కౌలాలంపూర్‌లో ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో పదకొండో సభ్యదేశంగా చేరిన సందర్భంగా మీరు రాసిన సంపాదకీయం చదివాను. చిన్న దేశం పట్టుదలను మెచ్చుకున్నారు, సంతోషం. అయితే అంతర్జాతీయ సమాజం అండతో ఆ దేశం స్వేచ్ఛ పొందిందని ఒక్క ముక్కలో తేల్చేశారు. నా పేచీ అక్కడే. ఆ అండ 24 ఏళ్లపాటు ఎక్కడుంది?

1974 ఏప్రిల్‌లో లిస్బన్‌లో నియంతృత్వం కూలాక పోర్చుగల్ తన వలసలను వదులుకోసాగింది. వాటిలో ఒకటైన తూర్పు తిమోర్‌లో స్వాతంత్ర్యం కోరే ఫ్రెటిలిన్ పార్టీ 1975 నవంబరు 28న స్వాతంత్ర్యం ప్రకటించింది. తొమ్మిది రోజులు గడిచాయో లేదో, డిసెంబరు 7న ఇండోనేసియా సేనలు రాజధాని దిలీ మీద పడ్డాయి. దానికి ముందురోజు అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్, విదేశాంగ మంత్రి కిసింజర్ ఇండోనేసియా రాజధాని జకార్తాలోనే ఉన్నారు. ఇండోనేసియా అధ్యక్షుడు సుహార్తోతో వారు మాట్లాడుకున్నదంతా 2001లో బయటపడింది. తిమోర్‌లో సత్వరం చర్య తీసుకోవలసి రావచ్చని సుహార్తో చెబితే, అర్థం చేసుకుంటామని, ఒత్తిడి తేబోమని ఫోర్డ్ అభయమిచ్చారు. చేసేదేదో త్వరగా ముగియాలని, తాము ఇల్లు చేరాక మొదలైతే మరీ మంచిదని కిసింజర్ సలహా చెప్పారు.

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి నోరు మెదపలేదని ఎవరూ అనలేరు. సేనలను ఆలస్యం చేయకుండా వెనక్కి పిలవాలంటూ డిసెంబరు 22న 384వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. 1976 ఏప్రిల్‌లో 389వ తీర్మానంలో అదే మాట మళ్లీ చెప్పింది. ఈసారి అమెరికా, జపాన్ ఓటు వేయకుండా తప్పుకున్నాయి. గడువు లేదు, ఆంక్షలు లేవు. పరిస్థితి చూసి రమ్మని పంపిన ఐక్యరాజ్యసమితి ప్రతినిధి ఫ్రెటిలిన్ చేతిలో ఉన్న ప్రాంతాలకు వెళ్లనే లేకపోయారు. ఈ విషయంలో సమితి చేతులు కట్టేయడమే తనకు అప్పగించిన పని అని, దాన్ని బాగానే నెరవేర్చానని సమితిలో నాటి అమెరికా రాయబారి మోయినిహన్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. ఇంత నిజాయతీ దౌత్యవేత్తల్లో అరుదు!

ఇక మన సంగతి. 1975 డిసెంబరు 12న సమితి సర్వసభలో ఈ దాడిని గర్హించే తీర్మానానికి అనుకూలంగా 72 ఓట్లు, వ్యతిరేకంగా 10 వచ్చాయి. 43 దేశాలు తటస్థంగా ఉన్నాయి. ఆ పదింటిలో భారతదేశం ఉంది. మీ సంపాదకీయంలో ఈ మాట లేదు. గోవా విషయంలో పోర్చుగల్ మీద మనకున్న పాత కోపం, ఇండోనేసియాలో జరిగిన బాండుంగ్ సభ నాటి జకార్తా స్నేహం కలిసి పనిచేశాయని నా ఊహ. వలసపాలకుడు పోవాలన్నది సరే, ఆ తర్వాత ఎవరితో ఉండాలో తిమోర్ ప్రజలను అడగాలి కదా? వలసవాదానికి ఎదురు నిలిచిన సభకు 1955లో ఆతిథ్యమిచ్చిన దేశమే అడగకుండా ఆక్రమిస్తే, ఆ సభలో ముందు వరసలో కూర్చున్న మనం దానికే ఓటు వేశాం. నేడు ఆ కొత్త సభ్యురాలికి స్వాగతం పలికిన మలేసియా, ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్ కూడా ఆ పదింటిలోవే.

ఆక్రమణ కాలంలో లక్షమందికి తక్కువ కాకుండా చనిపోయారని తిమోర్ సత్యశోధన సంఘం తర్వాత లెక్కతేల్చింది. వారిలో ఎక్కువమందిని పొట్టనపెట్టుకున్నది ఆకలి, జబ్బులే. ఇది జరుగుతుండగా సర్వసభలో తిమోర్‌కు మద్దతు ఏటా కరిగిపోతూ 1982లో 50-46కు దిగింది. మళ్లీ ఓటుకు పెడితే ఓడిపోతామేమోనన్న భయంతో ఆ తర్వాత అంశాన్ని వాయిదా వేస్తూ పోయారు. 1989 డిసెంబరులో ఆస్ట్రేలియా, ఇండోనేసియా విదేశాంగ మంత్రులు ఎవాన్స్, అలాతస్ తిమోర్ సముద్రం మీద ఎగురుతున్న విమానంలో చమురు పంపకం ఒప్పందంపై సంతకాలు చేసి, షాంపేన్ గ్లాసులు ఎత్తారు. కింద ఉన్న సముద్రం ఎవరిదో వారిని పిలిచినవారు లేరు. దీనిపై పోర్చుగల్ ఆస్ట్రేలియా మీద అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్తే, స్వయంనిర్ణయ హక్కు గొప్పదేనని, కానీ ఇండోనేసియా కక్షిదారు కాదు గనుక ఈ వ్యాజ్యంలో తీర్పు చెప్పలేమని 1995లో ఆ న్యాయస్థానం చేతులు దులుపుకొంది.

1999 ఆగస్టు 30న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 78.5 శాతం మంది స్వాతంత్ర్యం కోరారు. వెంటనే సైన్యం అండతో సాయుధ ముఠాలు దిలీని తగలబెట్టాయి. సెప్టెంబరు 9న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఇండోనేసియాతో సైనిక సంబంధాలు ఆపేశారు. 12న ఇండోనేసియా అధ్యక్షుడు హబీబీ విదేశీ దళాలకు ఒప్పుకున్నారు. 20న ఆ దళాలు దిగాయి. ఆర్థిక సంక్షోభం ఇండోనేసియాను అప్పటికే కుంగదీసిన మాట నిజమే. అయినా ఆయుధాలు అమ్మేవాడు కన్నెర్రజేస్తే మూడు రోజుల్లో అయిన పని అంతకుముందు 24 ఏళ్లు కాలేదంటే, చేతకాలేదనాలా, చేయలేదనాలా?

తీర్మానాలన్నీ చిత్తు కాగితాలని నేననను. పోర్చుగల్, అంగోలా, మొజాంబిక్ వంటి దేశాలు పట్టు విడవనందునే సమితి పట్టికలో తూర్పు తిమోర్ చివరిదాకా స్వయంపాలన లేని భూభాగంగానే నిలిచింది. ఆ ఒక్క గీత చెరిగిపోయి ఉంటే 1999లో ఓటింగు జరిపే హక్కు ఎవరికీ ఉండేది కాదు.

ఆసియాన్ వేడుక జరిగిన ఐదు రోజులకే, అక్టోబరు 31న భద్రతా మండలి పశ్చిమ సహారాపై 2797వ తీర్మానం చేసింది. అదీ 1975లోనే స్పెయిన్ వదిలిపోతుండగా మొరాకో చొరబడిన భూభాగమే. అక్కడ స్వాతంత్ర్యమా, విలీనమా అని ప్రజలను అడుగుతామని 1991లో మాట ఇచ్చిన సమితి, ఇప్పుడు మొరాకో చెప్పిన స్వయంప్రతిపత్తి ప్రణాళికే చర్చలకు ప్రాతిపదిక అంది. మన దేశం 1985లో అక్కడి ప్రజలైన సహ్రావీల గణతంత్రాన్ని గుర్తించి, 2000లో ఆ గుర్తింపును వెనక్కి తీసుకుంది.

ఇది మనకు దూరపు వ్యవహారం కాదు. మన రైతులు క్యూలో నిలబడి కొనే డీఏపీకి కావలసిన ఫాస్ఫేట్ ముడిసరుకును మనం పెద్దమొత్తంలో కొనే దేశాల్లో మొరాకో ఒకటి. పశ్చిమ సహారాలోని బూ క్రా గనులను నడిపేదీ ఆ దేశపు ప్రభుత్వ సంస్థే. అక్కడి ఖనిజం మన దేశానికి ఎంత వస్తోందో, దాని సొమ్ము సహ్రావీలకు ఏ మేరకు చేరుతోందో మన ఎంపీలెవరైనా పార్లమెంటులో అడగాలి. ఈసారి ఎరువుల కొరతపై సంపాదకీయం రాసేటప్పుడు మీరూ ఆ ప్రశ్న వేయండి.

— విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, తెనాలి