మట్టిగుట్టల మీది మొక్కలను మే నెలలో లెక్కించాలి

సంపాదకులకు,

ఏటా జూలైలో, నేలను పైనుంచి తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టు గనుల పక్కన పోసిన మట్టిగుట్టల మీద ఇన్ని వేల మొక్కలు నాటారని వార్తలు చదువుతుంటాం. నాటిన సంఖ్య పత్రికకెక్కుతుంది గాని, రోహిణి కార్తె దాటాక వాటిలో ఎన్ని బతికి ఉన్నాయన్న లెక్క నా కంటికి ఎన్నడూ పడలేదు.

మొన్నటి మే నెలాఖరున మా ఊరి పక్కనున్న గుట్ట ఎక్కి చూశాను. వరుసగా తీసిన గుంతల్లో చాలావాటిలో ఎండుపుల్లలే మిగిలాయి. ఒకదాన్ని పీకితే వేరుమట్టికి నర్సరీ కవరు అట్లాగే చుట్టుకొని ఉంది. పక్కన గడ్డపార వేస్తే నాలుగు దెబ్బలకు జానెడు లోతు కూడా దిగలేదు. ఆ గుట్ట అంచునే, ఎవరూ నాటని మోదుగ ఒకటి నడుమెత్తు పెరిగి, తన నీడలో ఇంత గరికను బతికించుకుంటున్నది.

1889లో ఇల్లందులో తవ్వకం మొదలైనప్పటి నుంచి దశాబ్దాల పాటు మన ప్రాంతంలో ఉన్నవి భూగర్భ బొగ్గుబాయిలే. ఓపెన్‌కాస్టు వచ్చాక టన్ను బొగ్గు కోసం సుమారు ఐదారు ఘనపు మీటర్ల మట్టిని, రాతిని పైకి తెచ్చి పోస్తున్నారు. పంట పండించే మన్ను ఇందులో పైనున్న మూరెడు పొరే. దాన్ని విడిగా తీసి, ఎత్తుగా కాకుండా పరిచినట్లు పోసి, వీలైనంత త్వరగా చదును చేసిన నేల మీద తిరిగి వేస్తేనే అందులోని విత్తనాలు, సూక్ష్మజీవులు బతుకుతాయి. ఏళ్లతరబడి గుట్టగా పడేస్తే అది చచ్చిన మన్నే. ఇక డంపర్ల చక్రాల కింద అణిగి గట్టిపడిన గుట్ట వాన నీటిని తాగదు. నాలుగు నెలల్లో కురిసే వాన గండ్లు కోసుకుంటూ పోయి దిగువ చెరువులో బురద నింపుతుంది, మిగతా ఎనిమిది నెలలు ఎండ, నలభై అయిదు డిగ్రీలు దాటే రోజుల్లో నల్లరాయి నిప్పుకణికలా కాలుతుంది. అటువంటి చోట చెట్టు కంటే ముందు గడ్డి రావాలి. వాలును మెట్లుగా కోసి, అడుగున కాలువ తవ్వి, గట్టిపడిన నేలను లోతుగా దున్ని, తొలకరికి జనుము, పిల్లిపెసర, గడ్డివిత్తనాలు చల్లి, ఆ తరువాతే వేప, కానుగ, తుమ్మ, మోదుగ వంటి ఇక్కడి చెట్లను పెట్టాలి. నీలగిరి త్వరగా పచ్చగా కనిపిస్తుంది, ఫొటోకు బాగుంటుంది. మేకలు మాత్రం దాన్ని ముట్టవు.

నియమాలు లేవా అంటే ఉన్నాయి. గనుల మూసివేత ప్రణాళికపై కేంద్ర బొగ్గు శాఖ 2009లోనే మార్గదర్శకాలిచ్చి, ఓపెన్‌కాస్టుకు అప్పటి ధరల్లో హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన, తనిఖీ అయ్యాకే సొమ్ము విడుదలయ్యే ఎస్క్రో ఖాతాలో గని యాజమాన్యం జమ చేయాలన్నది. తవ్విన నేలలో గడ్డి పెంచి, పశుగ్రాసానికి, మొక్కలకు, జంతుజాలానికి తగినట్లు చేయాలనే షరతును గనుల లీజుల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో ఆదేశించింది. కోర్టు గడ్డి మాట ఎత్తింది, మనం ఇంకా మొక్కల సంఖ్య దగ్గరే ఆగాం.

నేను కోరేది రెండే. నాటిన మొక్కలను మూడో వేసవిలో, మే నెలలో, గ్రామస్తుల ఎదుట లెక్కించి ఆ జాబితాను పంచాయతీ గోడకు అంటించాలి. విడిగా తీసిన పైమన్ను ఎన్ని లారీలు, ఎక్కడ పోశారు, ఎప్పుడు తిరిగి పరిచారు అనే రిజిస్టరు ఊరివాళ్లు అడిగిన నాడు చూపాలి. ఎస్క్రో సొమ్ము విడుదలకు సంబంధించిన తనిఖీ ఈ రెండు కాగితాలు లేకుండా జరగకూడదు. మా ఊళ్లో ఆ పైమన్ను కుప్ప మీద ఇప్పుడు తుమ్మలు మొలిచాయి.

ఇట్లు
ఒక రైతు,
జయశంకర్ భూపాలపల్లి జిల్లా