ఎముకల మీద నెట్టేయకు

కనిగిరి

మిత్రమా,

నీ ఉత్తరం నిన్న అందింది. అమ్మకు తుంటి నొప్పి అనీ, ఎముకల గట్టితనం కొలిచే డెక్సా పరీక్షలో టీ-స్కోరు (యువతీయువకుల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.8 వచ్చిందనీ రాశావు. ఎముకలు గుల్లబారాక నొప్పి ఉండక ఏమవుతుందని నువ్వే తీర్పు చెప్పేశావు. నీతో నా తగువు అక్కడే. నిరుడు నేనూ అదే తీర్పు చెప్పి మూడు వారాలు పోగొట్టాను.

ఆ స్కోరు మైనస్ 2.5కు గానీ, అంతకు కిందికి గానీ దిగితే గుల్లబారినట్టు లెక్క. కానీ ఎముక పలచబడినంత మాత్రాన నొప్పి పుట్టదు. విరిగేదాకా చప్పుడు చేయని జబ్బు అది.

మా అమ్మ పెరట్లో జారి కూలబడింది. మర్నాడు లేచి వంట కూడా చేసింది. కాకపోతే అడుగు మోపినప్పుడల్లా గజ్జలో కలుక్కుమనేది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. నేను నిశ్చింతగా కాపడం పెట్టిస్తూ కూర్చున్నాను. చివరికి ఒంగోలు తీసుకెళ్లి ఎంఆర్‌ఐ తీయిస్తే తొడ ఎముక మెడ దగ్గర, అంటే తుంటి కీలుకు ఆనుకుని అది సన్నబడే చోట, వెంట్రుకంత చీలిక! ఎముక పక్కకు జరగలేదు కాబట్టి స్క్రూలతో బయటపడ్డాం.

అందుకే నొప్పి సరిగ్గా ఎక్కడో అమ్మను అడుగు. గజ్జలో అయితే కీలు అరుగుదల కావచ్చు, ఇలాంటి చీలికా కావచ్చు. నొప్పి ఉన్న పక్కకు ఒత్తిగిలితే తుంటి బయటివైపు సలుపుతోందంటే ఎముక జోలికి పోనక్కర్లేదు, అక్కడి కండరాల తాళ్లు దెబ్బతిని ఉండవచ్చు. పిరుదు నుంచి కాలి వెంట జారితే నడుము నరం. ఆయాసానికి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంది కదా, ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పు. వాటి వల్ల తొడ ఎముక తలకు రక్తం అందక అది చచ్చుబడిపోవచ్చు. వారానికోసారి వేసుకునే ఎముకల మాత్ర సంగతీ దాచకు. ఏళ్లు వాడినవాళ్లలో, అరుదుగానే అనుకో, తొడ ఎముక నడుమ చీలిక వస్తుంది. దానికి ముందు తొడలో మొద్దు నొప్పి ఉంటుంది. అలాగని నీ అంతట నువ్వు మాత్ర మానిపించేవు!

ఇంకోటి, అమ్మ పుట్టిల్లు పొదిలి వైపు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ (నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలకు పట్టే జబ్బు) గురించి 1937లో వైద్యులు రాసింది అప్పటి నెల్లూరు జిల్లా చూసే, పొదిలి అప్పుడు అందులోదే. విచిత్రం ఏమిటంటే, ఫ్లోరైడ్ పట్టిన ఎముక పరీక్షలో దట్టంగా కనిపిస్తుంది, బలం మాత్రం ఉండదు. బోరు నీళ్ల సంగతి కూడా చెప్పు.

కాలు మోపలేకపోతే మాత్రం సెలవు దొరికేదాకా ఆగకు. పాత ఎక్స్‌రేలు బీరువా మీద ఉంటాయి, వెంట తీసుకెళ్లు. డాక్టరు చూసేదాకా అమ్మ చేత బిందెలు మోయించకు. వింటుందా అంటావు, మా అమ్మా వినలేదులే.

నీ
మిత్రుడు