ఆటల పీరియడ్ కోయడం శిక్ష కాకూడదు

చిన్న తరగతుల్లో రాతలో వెనకబడ్డ మగపిల్లలకు మొద్దు అనో, అల్లరి అనో ముద్ర వేయడం బడులు మానుకోవాలి. పెన్సిల్ మీద వేళ్ల పట్టు, కుదురుగా కూర్చునే ఓపిక చాలామంది అబ్బాయిలకు అమ్మాయిల కంటే కాస్త ఆలస్యంగా వస్తాయి. యౌవన దశ కూడా సగటున ఒకటి రెండేళ్లు వెనకే మొదలవుతుంది. (అందరూ ఒకేలా ఉండరు, ముత్యాల్లా రాసే అబ్బాయిలూ ఉన్నారు.) ఒకటో తరగతికి చెప్పే నేను రోజూ చూసేదే: లెక్క నోటితో టక్కున చెప్పే కుర్రాడు దాన్నే రాయమంటే మొన విరిగేలా నొక్కుతాడు, అంకెలు గీత దాటిపోతాయి, చెరిపి చెరిపి పేజీకి చిల్లు పడుతుంది. రాత పూర్తికాలేదని వాడికి ఆటల పీరియడ్ కట్! ఒళ్లు కదిలించాల్సిన పిల్లాణ్ణే కూర్చోబెడితే తర్వాతి పీరియడ్‌లో అల్లరి పెరగక ఏమవుతుంది? పెద్దయ్యాక వాళ్లే సర్దుకుంటారులే అనుకోవడానికీ లేదు. చాలా దేశాల పిల్లలకు పెట్టే పిసా అనే అంతర్జాతీయ పరీక్షల్లో, 2018లో, పదిహేనేళ్ల అబ్బాయిలు చదివి అర్థం చేసుకోవడంలో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి) దేశాల సగటున అమ్మాయిల కంటే దాదాపు 30 పాయింట్లు వెనకబడ్డారు. మొదటి రెండేళ్లు చేతిరాతకు మార్కులు వేయడం మానేయాలి, నోటితో చెప్పిన జవాబుకూ విలువ ఇవ్వాలి. పాఠం మధ్యలో నాలుగు నిమిషాలు లేచి తిరగనివ్వాలి. ఆట ఆపడాన్ని శిక్షగా వాడకూడదని ప్రతి బడీ రాతపూర్వకంగా నియమం పెట్టుకుని, దాన్ని తల్లిదండ్రులకూ చెప్పాలి.

— ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని