తప్పెటగుళ్లు ఊరేగింపు దాకానేనా?

సంపాదకులకు నమస్కారం.

మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో ప్రభుత్వ ఉత్సవం జరిగితే అతిథులను వేదిక దాకా తీసుకువెళ్లే పని సాధారణంగా తప్పెటగుళ్ల బృందానికో (గొల్లలు రొమ్ముకు గుండ్రటి వాయిద్యాలు కట్టుకుని వాయిస్తూ ఆడే ఆట ఇది) డప్పు బృందానికో అప్పగిస్తారు. ఎండలో గంటసేపు ఆడి, అతిథులు మెట్లెక్కగానే వారు పక్కకు తప్పుకుంటారు. వేదిక మీది సమయమూ, దాని పారితోషికమూ వేరేవారివి. కళలకు అందే ధనసహాయంలో ఈ తేడా ఎక్కడ మొదలవుతోందో అధికారులూ దాతలూ ఆలోచించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

అమెరికాలో ఈ ప్రశ్నను జాతి సమానత్వం పేరుతో కొన్నేళ్లుగా అడుగుతున్నారు. హెలికాన్ కొలాబొరేటివ్ అనే సంస్థ 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అక్కడి సాంస్కృతిక సంస్థల్లో 2 శాతమైన అతి పెద్ద సంస్థలకే మొత్తం విరాళాల్లో 58 శాతం చేరుతోంది. అక్కడ జాతి ఉన్నచోట మన దగ్గర కులమూ తెగా ఉంటాయి. మిగతా కథ పెద్దగా మారదు.

విజయనగరంలో 1919లో విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల స్థాపించారు. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్; ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ నేర్పారు. ఆస్థానంలో పనిచేసే ఒకరి అంధుడైన కుమారుడు సంగీతం నేర్చుకోవడానికే ఆ కళాశాల పుట్టిందని ఈ ఊళ్లో చెప్పుకుంటారు. ఆ ఔదార్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఘంటసాల అక్కడ చదువుకున్నారంటే ఈ ఊరివాడిగా నాకూ గర్వమే. కానీ ఆ కుర్రవాడు రాజుగారి కళ్ల ముందు ఉన్నాడు. మందల వెంట తిరుగుతూ గంగమ్మ పాటలు పాడుకున్న గొల్లలు, రాత్రంతా జముకు అనే వాయిద్యం మోగిస్తూ కథ చెప్పినవారు ఆ కంటికి ఆనలేదు. నూరేళ్లుగా ఒకవైపు భవనం, జీతాలు, సర్టిఫికెట్లు నిలిచి ఉంటే, రెండోవైపు అమ్మవారి సంబరాల్లో ఊరు పోగుచేసే చందాయే దిక్కయింది.

గత ఏడాది మా ప్రాంతపు తప్పెటగుళ్ల బృందమొకటి ఒక కంపెనీ సామాజిక బాధ్యత నిధికి దరఖాస్తు చేసుకున్నప్పుడు కాగితాలు రాసిపెట్టింది నేనే. పదహారు మందికి రొమ్ముకు కట్టుకునే కొత్త గుళ్లు, గజ్జెలు, పిల్లలకు నేర్పేందుకు గురువుకు ఏడాదిపాటు నెలనెలా కొంత సొమ్ము అడిగాం. దానికి సొసైటీ రిజిస్ట్రేషన్, మూడేళ్ల ఆడిట్ లెక్కలు, పన్ను మినహాయింపు కోసం ఆదాయపన్ను శాఖవారు ఇచ్చే 12ఏ, 80జి ధ్రువపత్రాలు పంపమన్నారు. మూడు తరాలుగా ఆడుతున్న బృందం మూడేళ్ల అనుభవాన్ని నిరూపించుకోలేకపోయింది. "ఆట సూడరేటండీ మేస్టారూ, కాయితాలే సూత్తారేటి?" అని గురువుగారు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

తరువాత నిబంధనలు చదివితే జవాబు కొంత దొరికింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి, తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. ఆ ఖర్చు దేనికి పెట్టవచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో సంప్రదాయ కళల ప్రోత్సాహం స్పష్టంగా ఉంది. మూడేళ్ల అనుభవమూ, ఆ ధ్రువపత్రాలూ, 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన సీఎస్ఆర్-1 (సామాజిక బాధ్యత పనులు చేపట్టే సంస్థల) నమోదూ కంపెనీ తరఫున పని నడిపించే మధ్యవర్తి సంస్థకు సంబంధించినవి. కంపెనీ తానే కార్యక్రమం నడపడానికి నిబంధనలు అడ్డు చెప్పవు. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలోని ఏ పరిశ్రమ అయినా రణస్థలం పరిసరాల్లో ఒక శిక్షణ కేంద్రం తెరిచి, వాయిద్యాలు తానే కొని, గురువుకు నేరుగా గౌరవవేతనం ఇవ్వవచ్చు. మధ్యవర్తికి అప్పగించడం సులువు కాబట్టే ఆ దారి పడుతున్నారని నా అనుమానం.

సీతంపేట కొండల్లో సవర గిరిజనులు ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలు పూర్వీకులకు చెల్లించే మొక్కులో భాగం. సరిహద్దుకు అవతల ఒడిశాలో లాంజియా సవర చిత్రాలకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మనవైపు ఆ గీతలను అలంకారానికి వాడుకునేవారు, గీసిన చెయ్యి ఎవరిదో, దానికి ఎంత ముట్టిందో కూడా పక్కన రాయాలి.

రాష్ట్ర పింఛన్లలో డప్పు కళాకారులకు ప్రత్యేక వర్గం ఉండటం, 2024 జూలై నుంచి ఆ మొత్తాన్ని నెలకు 4,000 రూపాయలు చేయడం మెచ్చదగినవే. డప్పును శుభకార్యానికి పిలిచి, డప్పు కొట్టినవాణ్ని గుమ్మం బయటే నిలబెట్టిన సమాజం అంతమాత్రమైనా చేయాలి. అయితే పింఛను కళాకారుడి ముసలితనానికి ఆసరా అవుతుంది గాని, ఆయన విద్య మరొకరికి అందడానికి అయ్యే ఖర్చు అందులో లేదు.

అందువల్ల ఉత్సవాలకూ కళాసహాయానికీ ఎంపిక చేసే కమిటీల్లో తప్పెటగుళ్లు, జముకుల కథ, తూర్పు భాగవతం, డప్పు గురువులకూ సవర చిత్రకారులకూ సభ్యత్వం ఇవ్వాలని, దరఖాస్తు తెలుగులో ఒక్క పేజీకి మించకుండా, కాగితాలకు బదులు ప్రదర్శన చూసి నిర్ణయించే పద్ధతి పెట్టాలని, ఏ కళకు, ఏ మండలంలో, ఎంత ఇచ్చారో ఏటా ప్రకటించాలని శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాను. మా గురువుగారికి డెబ్బై దాటాయి. నేర్చుకుంటామన్న ఆరుగురు కుర్రాళ్లు సంక్రాంతి వెళ్లగానే చెన్నై పనులకు రైలెక్కుతారు. ఈ నిర్ణయాలు ఆలోపే జరగాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విజయనగరం.